ఆవిణ్ణి నవ్వించకండి

మా ఆవిడ తడిమెట్టు మీద జారి మోకాలు మెలేసుకుంది. 'టప్' మన్న చప్పుడు పెరట్లో ఉన్న నాక్కూడా వినిపించింది. సాయంత్రానికి ఆ మోకాలు గుమ్మడికాయంత అయింది. నేను కాస్త పెంచి చెబుతాన్లెండి, బత్తాయంత అనుకోండి.

"ఆసుపత్రికి పోదాం పద."

"బెణికిందంతే. అదే పోతుంది."

"ఎక్కడికి పోతుందే, కుంటుకుంటూ?"

ఆవిడ నవ్వలేదు. నా మాటకి నవ్వలేదంటే నొప్పి పెద్దదేనన్నమాట.

మర్నాడు పొద్దున్నే నేనే కుంటడం మొదలుపెట్టాను. తనకోసమైతే గడప దాటదు, నాకోసమైతే పరుగెత్తుకొస్తుంది. "అమ్మో, నా మోకాలు!" అని నేను పెట్టిన కేకకి పక్కవీధి కుక్కలు కూడా జాలిపడి ఏడ్చాయి. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, మారుమాటాడకుండా చెప్పులు వేసుకుంది.

ఎముకల డాక్టరు చెయ్యి చాచాడో లేదో, గావుకేక పెట్టాను.

"ఇంకా ముట్టుకోలేదు తాతగారూ."

"ముట్టుకుంటారేమోనని, ముందుగా..."

"ఏమండీ, ఇంటి దగ్గర కుంటింది ఎడమకాలు కదా?" అంది మా ఆవిడ తాపీగా.

"దార్లో ఇటు మారిందే!"

డాక్టరు నవ్వాపుకుని నాకో ఎక్స్‌రే తీయించాడు. ఎముకలు తళతళలాడుతున్నాయి. "ఈ మోకాలితో మీరు కొండలెక్కొచ్చు," అన్నాడు.

ఇక ఆగలేకపోయాను. "నాది వదిలెయ్యండి బాబూ, ఈవిడది చూడండి!"

చూశాడు. ఎక్స్‌రేలో ఎముక విరగలేదు. "కానీ కీలు వదులుగా ఉందమ్మా. లోపల ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంటు తెగితే ఎక్స్‌రేకి కనపడదు, ఎమ్మారై తీయాలి. పూర్తిగా తెగి ఉంటే ఆపరేషన్ చేయాల్సి రావచ్చు."

ఆ మాటకి ఆవిడ నా చొక్కా అంచు పట్టుకుంది.

వాచీ, తాళాలు బయట పెట్టించి నన్ను కూడా ఎమ్మారై గదిలోకి రానిచ్చారు. ఆవిడ కాళ్లు గొట్టంలాంటి మిషన్లోకి వెళ్లాయి, తల బయటే ఉంది. కాసేపటికి చెవులు చిల్లులుపడే చప్పుడు. అది కాస్త ఆగగానే చెవిలో చెప్పాను, "లోపల కమ్మరివాళ్లు నీ కాలికి గుర్రపు నాడా కొడుతున్నారే."

ఆవిడ ఫక్కున నవ్వింది.

"తాతగారూ, ఆవిణ్ణి నవ్వించకండి!" మైకులోంచి స్కాన్ తీసేవాడి గోల. "మోకాలు కదిలి బొమ్మ చెదిరిపోయింది. మళ్లీ తీయాలి. మీరసలు నోరు తెరవకండి!"

పెళ్లయ్యాక మొదటిసారి నోరు మూసుకున్నాను.

మళ్లీ చప్పుడు ఆగిన సందులో, పైకప్పు చూస్తూ ఆవిడ అంది, "మీ నాటకం నాకు పొద్దున్నే తెలిసిపోయింది."

నేను నోరు తెరవకూడదాయె.

"ఆపరేషనంటారేమోనని నా భయం. మీకోసం వెళ్తున్నానని నాకు నేనే సర్దిచెప్పుకుంటే తప్ప గడప దాటలేకపోయాను."

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

లిగమెంటు కొంచెమే చిరిగిందట. ఆపరేషన్ అక్కర్లేదు. మోకాలికి బెల్టు కట్టుకుని, కొన్ని వారాలు నిలబడి పని చెయ్యకుండా ఉంటే చాలన్నాడు డాక్టరు.

ఇంటికి రాగానే ఆవిడ నా ఎక్స్‌రేని వంటింటి సింకు పైన, కిటికీకి తగిలించమంది.

"ఇక్కడెందుకే?"

"గిన్నెలు తోమమన్నప్పుడల్లా మోకాలు నొప్పనేవారుగా. వెలుతుర్లో మీ ఎముకలు ఎంత ముచ్చటగా ఉన్నాయో చూడండి!"

రోజూ వాటిని చూస్తూనే తోముతున్నాను. ఆవిడ కుర్చీలో కాలు చాపుకుని కూర్చుంటుంది. ఇక్కడ నవ్వించినా ఏ బొమ్మా చెదరదు. అందుకే నోరు మాత్రం మూయడం లేదు.