పనికిరాని రూల్స్ ఏరివేత

"పనికిరాని రూల్ ఒక్కటి కూడా నా హయాంలో మిగలదు!" అని మంత్రిగారు బల్ల గుద్ది ప్రకటించారు. సభలో కొందరి గుండెలు గుభేలుమన్నాయి. కంగారు పడక్కర్లేదనీ, తాను చెప్పేది శాఖ వెబ్‌సైట్ స్టైల్‌షీట్ అనే ఫైల్ గురించేననీ ఆయన వెంటనే అభయమిచ్చారు.

ఏ అక్షరం ఏ రంగులో ఉండాలో, ఏది ఎక్కడ కనబడాలో చెప్పే రూల్సన్నీ ఆ ఫైల్లోనే ఉంటాయి. వచ్చినవాళ్ళు వచ్చినట్టు కలుపుతూ పోయారే గాని, తీసినవాడు లేడు. అటక మీద సామాను సంగతీ ఇంతే కదా. దాంతో వెబ్‌సైట్ తెరుచుకునేలోగా జనం ఓ కునుకు తీసేవారు.

"సగానికి సగం కోసెయ్యండి. ప్రమోషన్ మీదే," అన్నారు మంత్రిగారు వెబ్‌సైట్ డైరెక్టర్‌తో.

ఆ ప్రమోషన్‌తో వచ్చే పెద్ద క్వార్టర్స్ కిటికీలకు డైరెక్టర్ భార్య అప్పటికే కర్టెన్లు కుట్టించేసింది. ఇక వెనక్కి తగ్గడానికి లేదు. మర్నాడే ఒక సాఫ్ట్‌వేర్ తెప్పించాడు. అది పేజీలన్నీ చూసుకుంటూ పోయి, అక్కర్లేని రూల్స్‌ని ఏరి పారేస్తుంది.

"సర్, ఒక్కదాని దగ్గరే అనుమానం," అంది ప్రోగ్రామర్. "పేజీలో కొన్ని ముక్కల్ని కనబడకుండా దాచే రూల్. పేజీ తెరుచుకున్నాకే అది పనిలోకి దిగుతుంది. మన సాఫ్ట్‌వేర్ అంతకుముందే చూసేసి, అక్కర్లేదంటోంది. ఉంచేద్దామా?"

సరిగ్గా అప్పుడే మంత్రిగారి పీఏ గుమ్మంలో నిలబడ్డాడు.

"దాచడమా?" డైరెక్టర్ గొంతు గుమ్మం దాకా సాగింది. "మన మంత్రిగారి పాలనలో దాచడానికేముందమ్మా! తీసిపారెయ్!"

"ఏం దాస్తోందో ఒక్కసారి చూసి..."

"తియ్యమన్నానా!"

తీసేసింది. పీఏ తృప్తిగా తలూపాడు.

ప్రారంభోత్సవానికి హాలు కిటకిటలాడింది. ఫొటోల కోసం మంత్రిగారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, మీట నొక్కారు. 'మా ఘనకార్యాలు' పేజీ రెప్పపాటులో పెద్ద తెర మీద ప్రత్యక్షమైంది. చప్పట్లు మోగాయి. తర్వాత ముందు వరుస నుంచి మొదలై ఒక్కో వరుసా ఆపేసింది.

ఒక్కో ఘనకార్యం కిందా ఆఫీసువాళ్ళు తమకోసం రాసిపెట్టుకున్న గమనిక కూడా వచ్చేసింది. 'వంతెన పూర్తి' కింద: "స్తంభాలు లేవు. ఫొటో వేరే వంతెనది." 'ఆసుపత్రి ప్రారంభం' కింద: "బోర్డు వచ్చింది. గోడలు రావాలి."

"అబ్బో! ఇదివరకు ఇంత వివరంగా ఉండేది కాదే!" అని మంత్రిగారు మురిసిపోయారు. "డైరెక్టర్‌గారూ, ఆ వివరాలన్నీ మైకులో చదవండి. వెనకవాళ్ళకీ వినబడాలి."

డైరెక్టర్ మైకు అందుకున్నాడు. కరెంటు పోతుందేమోనన్న ఆశతో చాలాసేపు గొంతు సవరించుకున్నాడు.

మంత్రిగారు వచ్చిన రోజు అది పోదు.