కాగితం ఊడని ఫైలు

మనిషి తృప్తిగా ఉన్నాడా లేదా అనే గంభీరమైన విషయాన్ని ఆ మనిషికే వదిలేస్తే సమాజానికి ఏ గతి పడుతుందో ముందే గ్రహించిన పెద్దలు విజయ ధ్రువీకరణ శాఖను నెలకొల్పారు. శాఖవారి లెక్కలో విజయానికి నూరు మార్కులు. బయటి గుర్తింపుకు అరవై, లోపలి తృప్తికి నలభై. (మొదట చెరి యాభై అనుకున్నారట. తృప్తి తరఫున వాదించడానికి సమావేశానికి ఎవరూ రాలేదు. తృప్తిగా ఉన్నవాళ్లు సమావేశాలకు రారు.)

పుస్తకాల బైండరుకు ఈ శాఖతో పనిపడింది. పద్దెనిమిదేళ్లుగా అతను మార్కెట్ భవనంలో మెట్ల కింది గదిలో కూర్చుని చిరిగిన పుస్తకాలకు ప్రాణం పోస్తున్నాడు. ఇకమీదట ఆ భవనంలో గదులు విజయవంతులకు మాత్రమే అని నోటీసు అంటించారు. నెలాఖరులోగా ధ్రువపత్రం చూపకపోతే ఖాళీ చెయ్యాలి. గది పోతే పని పోతుంది. పని పోతే తనలో ఇంకేం మిగులుతుందో బైండరుకు తెలియదు. అందుకే భయపడ్డాడు.

"మీ పనికి ఎవరైనా బహుమతి ఇచ్చారా?" కిటికీ అవతలి నుంచి గుమాస్తా అడిగాడు.

"వాళ్ల నాన్నగారి డైరీ కుట్టిచ్చానని ఒకావిడ కళ్లనీళ్లు పెట్టుకుందండీ."

"కన్నీళ్లకి రసీదుందా?"

"లేదండీ."

"బయటి గుర్తింపు సున్నా. లోపలి తృప్తి ఎంత?"

"నిండుగా ఉందండీ."

"ఎవరు చెప్పారు?"

"నా మనసే చెప్పిందండీ."

గుమాస్తా జాలిపడి నిబంధన చదివి వినిపించాడు. దరఖాస్తుదారు మనసు అతనికి దగ్గరి బంధువు కిందికి వస్తుంది కనుక దాని సాక్ష్యం చెల్లదు.

దాంతో తృప్తి పరిశీలకుడు వచ్చాడు. స్టూలు మీద రెండు గంటలు కూర్చుని, "పనిచేస్తున్నంతసేపూ ఒక్కసారీ నవ్వలేదు" అని రాసుకున్నాడు. నవ్వుతూ కుడితే సూది వేలికి దిగుతుందని బైండరు మనవి చేసుకున్నాడు. (మనవిని విడిగా, మూడు ప్రతుల్లో ఇవ్వాలన్నారు.)

ఇంట్లో భార్య నెత్తి కొట్టుకుంది. "మా అన్నయ్యని చూడండి. చేసే పనంటే అస్సలు గిట్టదు. అయినా తొంభై ఆరు మార్కులొచ్చాయి. అడిగినవాడికల్లా మహా తృప్తిగా ఉందని చెప్పాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని ఊరికే అన్నారా? మీరేమో దారం కొస నోట్లో పెట్టుకుని కూర్చుంటారు!"

నెలాఖరుకు ఫైలులో డెబ్బై ఒక్క కాగితాలు చేరాయి. అటెండరు సెలవులో ఉన్నందువల్ల దాన్ని మూడో అంతస్తులోని అధికారి దగ్గరికి బైండరే మోసుకెళ్లాడు. బయట బెంచీ మీద మూడు గంటలు కూర్చోబెట్టారు. తాడుకు వేలాడే కాగితాలు, నలిగిన అంచులు, చినిగిన చిల్లులు కళ్లెదుటే ఉన్నాయి. చేతులు ఊరుకుంటాయా? జేబులో సూది, మైనం పూసిన దారం ఎప్పుడూ ఉండేవే. లోపలికి పిలుపు వచ్చేసరికి ఫైలు చక్కటి పుస్తకమైంది. ఆ మూడు గంటలూ అతనికి నెలాఖరు గుర్తుకే రాలేదు.

అధికారి ఓ కాగితం పట్టుకుని లాగాడు. రాలేదు. రెండు చేతులతో లాగాడు.

"ఇదేంటయ్యా, ఊడదా?"

"మీ మనవల కాలానికి కూడా ఊడదండీ," అన్నాడు బైండరు, ఆ నెలలో మొదటిసారి నవ్వుతూ.

అధికారి ముఖం పాలిపోయింది. శాఖ చరిత్రలో కాగితం పోవడానికి వీల్లేని ఫైలు అదే మొదటిది. కాగితం తీయలేని, దూర్చలేని ఫైలు మీద ఏ నిర్ణయమైనా తీసుకుంటే అది అలాగే నిలిచిపోయే ప్రమాదం ఉంది. దరఖాస్తు తిరస్కరించారు. మెట్ల కింది గది తొంభై ఆరు మార్కులున్న బావగారికి దక్కింది.

అయితే శాఖ గుణగ్రాహి. ఇంత గట్టిగా కుట్టేవాడికి విప్పడం కూడా తెలిసే ఉంటుందని గ్రహించి, పాత దస్త్రాల కుట్లు విప్పే అధికారిగా అతన్నే నియమించింది. ఫ్యాను, తిరిగే కుర్చీ, తలుపు మీద హోదా పలక ఇచ్చారు. మొదటిరోజు అతని చేత అతని ఫైలే విప్పించారు. అరగంట పట్టింది. మధ్యలో రెండుసార్లు కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. (దుమ్ము అని నమోదైంది.)

మరుసటి నెలలో ధ్రువపత్రం దానంతటదే ఇంటికొచ్చింది. నూటికి నూరు. ఉద్యోగుల తృప్తికి మార్కులు శాఖే వేస్తుంది. భార్య దాన్ని ఫ్రేము కట్టించి, వచ్చినవాళ్లందరికీ చూపించింది. ఇన్నాళ్లూ పలకరించని చుట్టాలు ఇప్పుడు 'గారు' చేర్చి పిలుస్తున్నారు.

రెండో తరగతి చదివే కూతురు మాత్రం అన్నం తింటూ అడిగింది. "నాన్నా, నీకీ పని బాగుందా?"

బైండరు కూతురి కంచంలో కాస్త పెరుగు వేశాడు.

"రేపు ఆఫీసులో కనుక్కుని చెబుతానమ్మా," అన్నాడు.