చుక్కమ్మ గెలిచిన కేసు

దేశానికి న్యాయం అవసరమే గానీ, అంతకంటే ముందు తప్పుల్లేని తెలుగు అవసరమని జస్టిస్ భుజంగరావుగారు కనిపెట్టేదాకా మన న్యాయశాస్త్రం చీకట్లో తడుముకుంటూ ఉండేది.

మొయినాబాద్ సుక్కమ్మకు ఈ సంగతి ఆలస్యంగా తెలిసింది. తండ్రి ఇచ్చిన ఎకరం చెలక కోసం ఆమె అన్న కొడుకుల మీద కేసు వేసిన ఏడాదే ఆయన చిన్న కోర్టుకు జడ్జిగా వచ్చారు. ముప్పై వాయిదాలిచ్చి, పై మెట్టెక్కారు. కేసూ ఆయన వెనకాలే ఎక్కింది. పాతికేళ్లకు పెద్ద కోర్టులో మళ్లీ ఆయన ముందుకే వచ్చింది. (కింద ఆయన ఏమీ తేల్చలేదు కనుక, వినడానికి అభ్యంతరం లేకపోయింది.) నూట నలభై పేజీల తీర్పు, అచ్చ తెలుగులో. చెలక ఆమెదే. దొంతన్‌పల్లి వైపు నుంచి లా చదివే పిల్లలు బస్సులో వచ్చి ఆమెతో సెల్ఫీలు దిగారు.

అయితే ‘సుక్కమ్మ’ అన్నది పామరుల పలుకుబడి అని గ్రహించిన న్యాయమూర్తిగారు, తీర్పు పొడుగునా ‘చుక్కమ్మ’ అని దిద్దారు.

పట్టా ఆఫీసు గుమస్తా నాగేందర్ తీర్పునూ ఆధార్ కార్డునూ పక్కపక్కన పెట్టి చూశాడు.

“అవ్వా, గీ భూమి చుక్కమ్మది. ఆమెను తోల్కరా, పాసుబుక్కు చేతుల వెడ్త.”

“ఆమె నేనే బిడ్డా.”

“కార్డు గట్లంటలేదు గదా.”

 అజీజ్‌నగర్ ఫామ్‌హౌస్‌లో గ్రంథరచన చేసుకుంటున్న జస్టిస్‌గారి దగ్గరికి సుక్కమ్మ పోయింది.

“సారూ, జర గా ఒక్క అక్షరం మార్చుండ్రి. తీర్పొచ్చి మూడేండ్లాయె, నా చెలకల నేను కాలు వెట్టలే.”

“అమ్మా, నేను పదవీ విరమణ చేశాను. పైగా భాష విషయంలో రాజీపడను. సవరణకు దరఖాస్తు పెట్టుకో” అని, తన పుస్తకం సంతకం చేసి ఇచ్చారు. నష్టపోయే మనిషి మాట వినకుండా ఎవరి హక్కూ తీసేయరాదని ఆ పుస్తకం సారాంశం.

దరఖాస్తు నామ సవరణ ధర్మాసనానికి చేరింది. అక్కడ ఆ పుస్తకం అందరికీ కంఠతా వచ్చు. పేరు మారిస్తే భూమి పోయేది చుక్కమ్మకు. కాబట్టి ఆమెకు నోటీసు పంపారు. ఊరెరిగిన పోస్ట్‌మ్యాన్ దాన్ని సుక్కమ్మకే ఇచ్చాడు. పరాయివాళ్ల ఉత్తరం తీసుకున్నందుకు ఆమెను మందలించారు.

వాయిదా రోజు బంట్రోతు చుక్కమ్మను మూడుసార్లు పిలిచాడు.

“ఉన్న” అని సుక్కమ్మ లేచింది.

ఒకరి పేరుకు మరొకరు పలకడం నేరమని చెప్పి కూర్చోబెట్టారు.

చుక్కమ్మ రాలేదు. పెద్ద వయసు, ఒంటరి ఆడమనిషి, ఏ కష్టంలో ఉందోనని జాలిపడి, ధర్మాసనం ఆమెకు ఆరు నెలల గడువిచ్చింది.