పోయింది తొమ్మిదింటికి

ఆ ఉదయం గుమాస్తా వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. పది గంటలకు ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ. నెగ్గితే తన ఆఫీసులోనే సిబ్బంది మంచిచెడ్డలు చూసే సంక్షేమాధికారి పదవి. పన్నెండేళ్ళుగా దానికోసమే కాచుకుని ఉన్నాడు. ఈసారి తప్పితే వయసు మించిపోతుంది. టీచరమ్మ అయిన భార్య స్కూలుకు వెళ్ళింది. రెండు రోజులుగా దగ్గుతున్న అత్తగారు విరిగిన కళ్ళజోడు బాగుచేయించుకొస్తానని, సెల్లు ఇంట్లోనే మర్చిపోయి, ఎనిమిదింటికే బయల్దేరింది. ఇస్త్రీ చొక్కా, కెమెరాకు కనబడనిచోట పాత నిక్కరు తొడుక్కుని గుమాస్తా లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు.

తొమ్మిదింటికి కరెంటు పోయింది. దాని వెనకే లాప్‌టాపూ పోయింది. దాని బ్యాటరీ పేరుకే బ్యాటరీ. ప్లగ్గులో ఉన్నంతసేపే దాని వైభోగం. అదృష్టం కొద్దీ పక్కింటాయన అంబులెన్సు డ్రైవరు, డ్యూటీ మధ్యాహ్నం నుంచి. రోగుల యంత్రాలకోసం బండిలో సాకెట్టు ఉంటుందని, ఇంజను తిరుగుతున్నంతసేపూ కరెంటుకు ఢోకా లేదని ధైర్యం చెప్పి, బండిని గుమాస్తా గుమ్మం ముందుకు తెచ్చి నిలబెట్టాడు. ఇంజను మాత్రం ఆపొద్దని చెప్పి కాఫీ తాగడానికి ఇంట్లోకి వెళ్ళాడు. గుమాస్తా స్ట్రెచరు మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు.

ఇంటి ముందు అంబులెన్సు అలా గుర్రుమంటూ ఉంటే ఎదురింటి రిటైర్డు పోస్టుమాస్టరు ఊరుకోగలడా? వీధిలో ఆయన్ని టెలిగ్రాం అంటారు. అత్తగారి దగ్గు గుర్తొచ్చి, బండి వెనక తలుపు దగ్గర నిలబడి, గొంతు తగ్గించి అడిగాడు.

"పోయిందా?"

లాప్‌టాప్ సంగతే అనుకున్న గుమాస్తా చిక్కుపడ్డ వైర్ల మీంచి తల ఎత్తలేదు. "తొమ్మిదింటికి పోయిందండీ."

"నిన్నటిదాకా బాగానే ఉందిగా?"

"పాతది కదండీ, ఏదో ఇన్నాళ్ళు లాక్కొచ్చాం. ఒకరకంగా పీడా వదిలింది. ఇక కొత్తదాన్ని తెచ్చుకుంటాను."

"కొత్తదాన్నా?"

"ఈ నెలాఖరుకే. చూసి పెట్టుకున్నాను కూడా."

కొత్త అత్తగారు రావాలంటే ముందు కొత్త పెళ్ళాం రావాలి. పోస్టుమాస్టరుకు నోట మాట రాలేదు. వీధిలోకి వెళ్ళాక మాత్రం ధారాళంగా వచ్చింది. పావుగంటలో కబురు స్కూలుకు చేరింది. టీచరమ్మ తల్లికి ఫోన్ చేసింది. ఖాళీ ఇంట్లో అది మోగి మోగి ఆగిపోయింది. ఇరుగుపొరుగు తలా ఒక కుర్చీ తెచ్చి గుమ్మం ముందు వేశారు. దగ్గే కదా అనుకున్నామని కొందరు నొచ్చుకుంటే, ఆ కొత్తది ఆఫీసులో మనిషే అయ్యుంటుందని మరికొందరు తేల్చారు.

ఇవేవీ గుమాస్తా చెవిన పడలేదు. చెవుల్లో హెడ్‌ఫోన్లు ఉన్నాయి, తెర మీద ముగ్గురు అధికారులు ఉన్నారు. తోటి ఉద్యోగి కష్టంలో ఉంటే ఏం చేస్తారని వాళ్ళలో పెద్దాయన అడిగాడు. ముందుగా ఆ మనిషి చెప్పేది పూర్తిగా వినాలని గుమాస్తా చెబుతుండగా తలుపు తెరుచుకుంది.

"అమ్మేదీ?" అంది భార్య.

ఒక్క నిమిషం ఆగమని గుమాస్తా వేలు పైకెత్తాడు. ఆ వేలు చూపించిన వైపు చూసి ఆవిడ స్ట్రెచరు మీద కూలబడింది. తల్లి పోయిందని, మొగుడు మరొకత్తెను తెచ్చుకుంటున్నాడని ఏడ్చిన ఏడుపు మైకులోంచి ముగ్గురికీ వినబడింది. రెండోది నమ్మదగ్గదిగా తోచలేదేమో, పెద్దాయన మొదటిదే పట్టించుకున్నాడు.

"అత్తగారు పోయినా ఇంటర్వ్యూకి వచ్చారా? ఇలాంటి మనిషే మాకు కావాలి," అన్నాడు. కళ్ళు తుడుచుకుని, వెంటనే మూడు రోజుల సెలవు ఎక్కించమని పక్కవాళ్ళకు చెప్పాడు.

నిజం చెప్పడానికి గుమాస్తా నోరు తెరిచాడు. పన్నెండేళ్ళు గుర్తొచ్చి మూసుకున్నాడు. తల కూడా కాస్త వంచాడు.

అప్పుడే జనాన్ని తోసుకుంటూ అత్తగారు బండెక్కింది. భార్య కెవ్వుమని, నువ్వు పోయావన్నారంటూ ఆవిణ్ణి వాటేసుకుంది.

"ఈవిడెవరండీ?" అన్నాడు తెర మీది పెద్దాయన.

హెడ్‌ఫోన్ల తీగ ఊడిపోవడంతో ఆ మాట అందరికీ వినబడింది. అత్తగారు బాగుచేయించిన కళ్ళజోడు సవరించుకుని తెరలోకి వంగింది. "పోయింది నేనేనట నాయనా. మీరెవరు?"

గుమాస్తా లాప్‌టాప్ కథ మొదట్నుంచీ చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. పెద్దాయన అంతా విని ఒక్కటే అడిగాడు.

"అదంతా సరే. నేను సెలవు ఎక్కించమన్నప్పుడు ఎందుకు చెప్పలేదు?"

గుమాస్తా ఊడిపోయిన హెడ్‌ఫోన్ల తీగను మళ్ళీ గుచ్చబోయాడు. తెర నల్లబడింది, ఈసారి తప్పు బ్యాటరీది కాదు.

పదవి ఇంకొకరికి వెళ్ళింది. సెలవు మాత్రం ఒకసారి ఎక్కించాక తీసేసే వీలు కంప్యూటర్లో లేదన్నారు. ఈలోగా పోస్టుమాస్టరు తాను విన్నదంతా, పీడాతో సహా, పొల్లు పోకుండా అత్తగారికి అప్పజెప్పాడు.

అత్తగారు పోయినందుకు ఇచ్చిన ఆ మూడు రోజులూ గుమాస్తా అత్తగారి ఎదురుగానే గడిపాడు.