మార్తమ్మకు మహజరు

శుక్రవారం ఉదయం శ్యాంసన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగాలి. కొన్ని వారాలుగా దిద్దుకుంటున్న అప్లికేషన్‌ను ఇంకొక్కసారి చదువుకుని పంపాలి. ఆ తర్వాత బస్సెక్కి మార్కాపురం వెళ్లి కాలేజీలో ల్యాబ్ పరీక్ష రాయాలి. లోకానికి ఏ అపకారమూ చేయని ఇటువంటి పథకాలకే అడ్డంకులు ఎక్కువ.

శ్యాంసన్ కంప్యూటర్ సైన్సు మూడో సంవత్సరం చదువుతున్నాడు. పెద్దారవీడు దాటాక రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న వాళ్ల ఊళ్లో ఆ చదువు చదివే మొదటివాడు అతనే. అందుకని సచివాలయంలో ప్రింటరు మొదలుకొని పక్కింట్లో టీవీ రిమోటు దాకా ఏది మొరాయించినా అతన్నే పిలుస్తారు. ఇంతవరకు అతను దేన్నీ బాగుచేయలేదు. అయినా పిలవడం మాత్రం ఎవరూ మానలేదు.

అతను అప్లికేషన్ పెట్టింది ఉద్యోగానికి కాదు, ఒక ఆటకు. 'లిటిల్ మేడో' అని ఫోనులో ఆడుకునే ఆట. గొర్రెల్ని పెంచాలి, కంచె కట్టాలి, తోడేళ్ల బారిన పడకుండా చూసుకోవాలి. ఇంటి ముందు నిజం గొర్రెలు తిరుగుతుంటే ఫోనులో గొర్రెలు కాయడం ఏమిటని అడిగేవాళ్లకు జవాబు చెప్పడం అతను ఎప్పుడో మానేశాడు. ఆ ఆటకు యజమాని లేడు. రకరకాల దేశాలవాళ్లు జీతం లేకుండా, తీరిక వేళల్లో రాసి నడుపుతుంటారు. దాని లోపలి రాత, అంటే కోడు, అంతా బయటే ఉంటుంది. ఎవరైనా చూడవచ్చు, దిద్ది పంపవచ్చు, అక్కడి పెద్దలు ఒప్పుకుంటే దాన్ని ఆటలో కలుపుతారు.

ఆటలో వాన పడినప్పుడు గొర్రెలు కంచెలోంచి దర్జాగా నడిచి బయటికి పోయే లోపం ఒకటి చాలాకాలంగా ఉంది. శ్యాంసన్ దాన్ని సరిచేశాడు. బీటెక్‌లో చేరాక అతను రాసింది ఏదైనా పనిచేయడం అదే మొదటిసారి. ఆ సవరణను కలుపుకోమనడానికే ఈ అప్లికేషన్. కలుపుకుంటే ఆట చివర వచ్చే పేర్లలో అతని పేరు కూడా వస్తుంది. హాల్ టికెట్ మీదా, తప్పిన సబ్జెక్టుల జాబితాలోనూ తప్ప ఇంకెక్కడా తన పేరు చూసుకోని కుర్రాడికి అదేమీ చిన్న కోరిక కాదు. ఎంతగా కావాలనుకుంటున్నాడో ఎవరికీ చెప్పలేదు.

అప్లికేషన్ వెళ్లింది. టీ గ్లాసు కడిగేలోపే పోలెండ్ నుంచి మార్తా అనే ఆవిడ జవాబు పంపింది. ఆటను చూసుకునే పెద్దల్లో ఆమె ఒకరు. పని బాగుంది, కానీ తమ పద్ధతి ప్రకారం ఇంకో ఇద్దరు చూసి బాగుందని చెప్పాలి, కాస్త ఓపిక పట్టమని రాసింది. అక్కడితో ఊరుకుని బస్సెక్కి ఉంటే ఈ కథ ఉండేది కాదు. శ్యాంసన్ సంతోషం పట్టలేక వంటింట్లోకి పరిగెత్తాడు.

అక్కడ అతని నాయన కరుణాకరం సద్ది కట్టించుకుంటున్నాడు. ఆయన మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. విషయమంతా విని, జీతం ఎంతని అడిగాడు. జీతం లేదన్నాడు కొడుకు.

"జీతం లేని పనులు మనకి అప్లికేషన్ పెట్టకుండానే ఇస్తారు గదరా," అని కరుణాకరం సద్దిగిన్నె తీసుకుని వెళ్లిపోయాడు.

తల్లి ఎలీషబా అట్లా తేల్చేసే మనిషి కాదు. ఉపాధి హామీ పనుల్లో ఆమె మేట్. పొద్దున్నే ఊరి సగాన్ని లేపి, గుంతల దగ్గర నిలబెట్టి, సాయంత్రం దాకా పని చేయించగలదు. పైగా చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. ఆ ఊళ్లో అర్జీ అనేది ఒంటరిగా ఎక్కడికీ పోదని ఆమెకు తెలుసు. పింఛనుకైనా ఇంటి స్థలానికైనా నలుగురు వెంట వెళ్లి, మనోడే సార్ అని ఒక మాట అంటేనే కాగితం కదులుతుంది. ఆమె కాపురానికి వచ్చినప్పటి నుంచి చూస్తున్న పద్ధతి అది.

"ఇద్దరు బాగుందని చెప్తే చాలంట అమ్మా," అన్నాడు శ్యాంసన్.

"ఎవరా ఇద్దరు?"

"ఎవరో. అక్కడోళ్లే చూసుకుంటారు."

"వాళ్లు నిన్నెప్పుడన్నా చూసినారా? ఎరిగినోళ్లు గదా చెప్పాల్సింది. ఆ పెద్దామె పేరేంది?"

"మార్తా."

ఎలీషబా చేతిలో గరిటె ఆగింది. "మార్తా అంటే మనోళ్లే. ముందే చెప్పొద్దా?"

అప్పుడే రోడ్డు మీద బస్సు హారను కొట్టింది. మార్తా అయినా మరియమ్మ అయినా పనికి అదేమీ సంబంధం లేదని వివరించే సమయం శ్యాంసన్‌కు దొరకలేదు. చెప్పులు సగం తొడుక్కుని పరిగెత్తాడు. కాలేజీకి చేరగానే రూలు ప్రకారం ఫోను ఆపి సంచిలో పెట్టి, ల్యాబ్‌లోకి వెళ్లాడు.

శుక్రవారం చర్చిలో ఉపవాస కూడిక ఉంటుంది. ప్రార్థన మనవులు చెప్పమని ఏబేలు పాస్టరుగారు అడగగానే ఎలీషబా లేచి నిలబడింది. తన కొడుకు విదేశాల్లో అర్జీ పెట్టాడని, అక్కడ పెద్ద మార్తమ్మగారని, మంచి మాట చెప్పేవాళ్లు ఇద్దరు కావాలన్నారని చెప్పింది. పాస్టరుగారు చాలామంది అర్జీలు చూసిన మనిషి. మార్తమ్మగారికి ఎన్ని పనులుంటాయో, ఇద్దరు చెబితే మరిచిపోవచ్చు, సంఘమంతా చెబితే మరిచిపోలేరని ఆయన అభిప్రాయపడ్డారు. ఆ అభిప్రాయానికి అందరూ ఆమేన్ అన్నారు.

సాంకేతిక బాధ్యత శ్యాంసన్ చెల్లెలు కృప తీసుకుంది. ఇంటర్ రెండో సంవత్సరం, అన్న మీద ప్రేమ కన్నా ఫోన్ల మీద ప్రేమ ఎక్కువ. ఒక్కొక్కరి ఫోను తీసుకుని ఆ ఆట వెబ్‌సైటులో ఒక్కొక్కరికి ఖాతా తెరిచింది. పాస్టరుగారు చెబుతుంటే మహజరు రాసింది. 'మహారాజశ్రీ మార్తమ్మగారి దివ్యసముఖమునకు' అని మొదలైంది. శ్యాంసన్‌కు మందు, సిగరెట్ అలవాటు లేవని, క్రమంగా చర్చికి వస్తాడని, పెద్దల ముందు కుర్చీలో కూర్చోడని అందులో ఉంది. 'ఇతర వివరములకు ఎలీషబా, మేట్' అని ముగిసింది. దాన్ని అందరి పేరునా ఒక్కొక్కటిగా శ్యాంసన్ అప్లికేషన్ కింద అంటించింది.

అర్జీ అన్నాక జిరాక్సులు జతచేయాలని ఎవరో గుర్తుచేశారు. ఇంటి నుంచి కాగితాల పెట్టె తెప్పించారు. రేషన్ కార్డు, కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం, పదో తరగతి మార్కుల మెమో ఫోటోలు తీసి ప్రపంచం మొత్తం చూసే ఆ పేజీలో పెట్టారు. మాజీ సర్పంచ్ లక్ష్మీనరసయ్య దారిన పోతూ సంగతి విని, తన లెటర్‌హెడ్ మీద రెండు ముక్కలు రాసిచ్చాడు. పదవి పోయి చాలాకాలమైనా లెటర్‌హెడ్లు ఇంకా మిగిలే ఉన్నాయి.

చర్చి కుళాయి దగ్గర గొర్రెలకు నీళ్లు పెట్టుకుంటున్న మాలకొండయ్య కూడా లోపలికి తొంగిచూశాడు. వాళ్ల పక్కింటాయన. పిల్లలిద్దరికీ మామ.

"నాది కూడా రాయి కృపమ్మా," అన్నాడు. "చిన్నప్పుడు సెలవుల్లో వాడు నా గొర్రెలు కాసినాడు. ఒక్కటి కూడా పోలేదు. ఒకటి పోయింది గానీ వాడి తప్పు గాదు, అది ముందునుంచీ అట్లాంటిదే."

కృప ఒక్క అక్షరం పోకుండా రాసింది.

ఇంతలో ఎవరో ఆ పేజీ లింకును బంధువుల వాట్సాప్ గ్రూపులోకి పంపారు. బేస్తవారిపేట నుంచి, పొదిలి నుంచి, గిద్దలూరు నుంచి సిఫార్సులు మొదలయ్యాయి. పొదిలి పెద్దమ్మ ఒకావిడ ఎటూ రాస్తున్నాను కదా అని ఆగిపోయిన తన పింఛను సంగతి కూడా మార్తమ్మకు విన్నవించుకుంది. గిద్దలూరు బాబాయి పాడిగేదె అమ్మకానికి ఉందని ఫోటోతో సహా పెట్టాడు. మధ్యలో మార్తా, మీరంతా ఎవరు, ఇక్కడ ఏం జరుగుతోంది అని ఇంగ్లీషులో రాసింది. ఆమె కరుగుతోందని పాస్టరుగారు గ్రహించారు. ఇంకొంచెం గట్టిగా అడగమన్నారు.

సాయంత్రం ల్యాబ్ నుంచి బయటికొచ్చిన శ్యాంసన్ ఫోను తెరిచాడు. మూకుమ్మడి దాడి చేయించినట్టు అనుమానం ఉన్నందున అతని ఖాతాను నిలిపేశామని వెబ్‌సైటు తెలియజేసింది. అప్లికేషన్ పేజీకి తాళం పడింది. తాళం వేసినా చదవడానికి వీలుంది కాబట్టి, బస్సు ఊరు చేరేదాకా అతను మొత్తం చదివాడు. తన ఆదాయ పత్రం దగ్గర, గేదె దగ్గర, మాలకొండయ్య గొర్రె దగ్గర ఆగి ఆగి చదివాడు. పక్క సీటాయన ఒంట్లో బాగాలేదా అని అడిగితే అవునన్నాడు.

ఇంటి అరుగు మీద మాలకొండయ్య టీ తాగుతున్నాడు. శ్యాంసన్ ఎవర్నీ చూడకుండా నేరుగా తల్లి ముందు నిలబడ్డాడు.

"వాళ్లు చూడాల్సింది నా పనిని, నన్ను గాదు. నా పరువంతా తీసినావు. గొర్రెలు కాసుకునే మామ చెప్తే వాళ్లిస్తారా?"

మాలకొండయ్య సగం తాగిన గ్లాసును అరుగు మీద పెట్టి, కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. మనిషిని చూడకుండా మనిషి పని ఎట్లా తెలుస్తుందో ఎలీషబాకు నిజంగానే అర్థం కాలేదు. కానీ కొడుకు గోడ వైపు తిరిగి పడుకున్న తీరు అర్థమైంది. పదో తరగతిలో లెక్కలు పోయినప్పుడు కూడా వాడట్లా పడుకోలేదు.

తెల్లవారి ఎలీషబా కృపను కూర్చోబెట్టి తన ఖాతా నుంచి నేరుగా మార్తాకే రాయమంది. పాస్టరుగారిని పిలవలేదు, దివ్యసముఖం పెట్టలేదు.

"మార్తమ్మా, మావాడికేం తెలవదు. మా కాడ ఒకరు అర్జీ పెడితే నలుగురు తోడు పోతాం. అట్లనే వచ్చినాం, గలాటాకి గాదు. తప్పు నాది. బయట పెట్టాల్నంటే నన్ను పెట్టు, వాణ్ణి పెట్టొద్దు."

ఆదివారం ఆరాధన ముగిసి అందరూ చెప్పులు వెతుక్కుంటుండగా జవాబు వచ్చింది. కృప చదివి చెప్పింది. మొన్న వచ్చినవన్నీ మార్తా అనువాదం చేయించుకుని చదివిందట. మొదట భయపడిందట, గొర్రె దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆపుకోలేకపోయిందట. అసలు విషయం వేరే ఉంది. ఆటను తెలుగులో పెట్టడానికి మనుషులు కావాలని వాళ్లు చాలాకాలంగా అడుగుతున్నారు. ఒక్కరూ రాలేదు. మొన్న శుక్రవారం మధ్యాహ్నం ఒక్కసారిగా అందరూ వచ్చారు, ఖాతాలు కూడా తెరిచే వచ్చారు. కాబట్టి తెలుగు బృందం ప్రారంభిస్తున్నారు. వివరాలకు ఎవరిని అడగాలో ప్రతి మహజరులోనూ స్పష్టంగా ఉంది గనుక దానికి నాయకురాలు ఎలీషబాగారు.

శ్యాంసన్ సంగతి ఏమిటని ఎలీషబా అడిగించింది. మార్తా విచారం వెలిబుచ్చింది. ఖాతా నిలిపేసినవాళ్లు తిరిగి రావాలంటే ఒక నియమం ఉంది, దాన్ని తాను కూడా మార్చలేనంది. ఏదైనా బృందంలోని ఇద్దరు సభ్యులు ఆ మనిషిని ఎరుగుదుమని, మంచివాడని రాసివ్వాలి. వాళ్లలో ఒకరు నాయకురాలై ఉండాలి. అర్జీ రానిదే ఎలీషబా సిఫార్సు రాయదు, వెళ్లి అడగడానికి శ్యాంసన్‌కు మొహం చెల్లలేదు.

ఎలీషబా ఆ ఆటను గుంతల పని నడిపినట్టే నడిపింది. పనిలో విశ్రాంతి వేళ ఆటలోని మాటల్ని పంచి, సాయంత్రానికి తెలుగు చేసి అప్పగించమనేది. ఆలస్యమైనవాళ్లకు మర్నాడు రెండింతలు ఇచ్చేది. వానాకాలం రాకముందే ఆట తెలుగులోకి వచ్చింది. శ్యాంసన్ చాటుగా ఆడి చివరిదాకా చూశాడు. తెలుగు అని ఉన్నచోట మొదటి పేరు ఎలీషబా, కాస్త కింద మాలకొండయ్య. అమ్మ పేరు ఉపాధి హాజరు మస్టరులో తప్ప అతను ఇంకెక్కడా చూడలేదు. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. వాటి వెనకే కొంచెం అసూయ కూడా వచ్చింది, దాన్ని అతను దాచుకోలేదు.

ఆటలో వాన పడగానే గొర్రెలు ఇంకా కంచెలోంచి నడిచిపోతూనే ఉన్నాయి.

శ్యాంసన్ తెల్లకాగితం తీసుకుని 'మహారాజశ్రీ ఎలీషబాగారి దివ్యసముఖమునకు' అని మొదలుపెట్టి అర్జీ రాసి, తల్లి చేతికిచ్చాడు. ఆమె ఆసాంతం చదివి, మడిచి కొంగున ముడేసుకుంది.

"నేను చెప్తాలే నాయనా. నేనొక్కదాన్ని చెప్తే ఎట్ల సరిపోద్ది? ఇద్దరు గావాలంట గదా. ఇంకొకర్ని తెచ్చుకో."

శ్యాంసన్ ఒక గ్లాసు నిండా టీ పోయించుకుని మాలకొండయ్య గొర్రెల దొడ్డికి వెళ్లాడు. ఆయన టీ తీసుకుని నిదానంగా తాగాడు. గొర్రెలు కాసుకునేవాడు చెబితే ఇస్తారా అని అడిగాడు. కుర్రాడు ఖాళీ గ్లాసు అందుకుని అక్కడే నిలబడ్డాడు.

"రాస్తాలే. కానీ ఈసారి ఆ గొర్రె పోయింది నీ తప్పేనని రాస్తా."

ఆ నేరం తనదేనని శ్యాంసన్ అక్కడికక్కడే ఒప్పుకున్నాడు.