తాళం, చెవులు

ముళ్ళదిన్నెలో సంగీతోత్సవం జరిగిన ఆ శని, ఆదివారాల్లో ఊరివాళ్ళ చెవులు పన్నెండు వేల పైచిలుకు నగర పంచాయతీ కార్యాలయం బీరువాల్లో భద్రంగా ఉన్నాయి. ఇందులో ఎవరి బలవంతమూ లేదు. కాగితం వచ్చింది, జనం ఇచ్చారు. కాగితం వస్తే ఇవ్వడం ఆ ఊరికి కొత్త కూడా కాదు.

ముందు ఆ కాగితం సంగతి చెప్పాలి. ఎర్ర గుట్టలకూ వేరుశనగ చేలకూ మధ్య, ఎక్కడికి పోవాలన్నా రెండు బస్సులు మారాల్సిన ఊరు ముళ్ళదిన్నె. వాన ఎలాగూ పడదు కాబట్టి ఏటా మార్చిలో ఊరంతా కలిసి రెండు రోజులు పాడుకుంటుంది. పోయినేడు అందరూ పందిట్లో ఉండగా తొమ్మిది ఇళ్ళలో దొంగలు పడ్డారు. అందుకని ఈ ఏడు కమిషనర్ గారు, ఇళ్ళకు తాళాలు వేసి తాళంచెవులు ఆఫీసులో ఇచ్చిపోవాలని ఉత్తర్వు రాయించారు. టైపు చేసినవారు నడుమ ఒక కామా పెట్టారు. "ప్రతి పౌరుడూ తన తాళం, చెవులు శుక్రవారం సాయంత్రం ఐదు గంటలలోగా కార్యాలయంలో అప్పగించి రసీదు పొందవలెను." ఆ కామాను ఎవరూ చూడలేదని కాదు, సీనియర్ అసిస్టెంట్ తిప్పేస్వామి చూశాడు. అప్పటికే సంతకం అయిపోయింది. సంతకం అయిన కాగితంలో కామా కూడా ప్రభుత్వానిదే.

శుక్రవారం పొద్దున్నుంచే వరుస కట్టారు. ఆరోగ్య కేంద్రం నుంచి వచ్చిన నర్సమ్మ కాస్త కొబ్బరినూనె రాసి, సీసా మూత తిప్పినట్టు తిప్పితే చెవి ఊడి వచ్చేది. నొప్పి లేదు. కమ్మలున్న చెవులు కమ్మలతోనే తీశారు. కవర్లో వేసి, పేరూ వార్డు నంబరూ రాసి, కుడీ ఎడమా కలిసిపోకుండా రెండు రంగుల దారాలు కట్టారు. తాళం కూడా అడిగారు కదా అని జనం గుమ్మాలకున్న తాళాలు ఊడదీసి తెచ్చిచ్చారు. ఇళ్ళన్నీ బార్లా తెరిచి ఉండగా తాళంచెవులు మాత్రం ఎవరి మొలలో వాళ్ళకు పదిలంగా ఉన్నాయి. దొంగలు కూడా ఊళ్ళోవాళ్ళే కాబట్టి వాళ్ళూ చెవులిచ్చి, రసీదు తీసుకుని, పందిట్లో చోటు చూసుకున్నారు. సంగీతమంటే చెవి కోసుకునే ఊరని జిల్లా పత్రిక రాసింది. మెచ్చుకోలుగానే రాసింది లెండి.

ఆ కామాకు తగ్గట్టు ఉత్తర్వు వెనకవైపు తరవాత చిన్న అక్షరాలు చేర్చారు. చెవి దాచుకుని విన్నవాడికి ఏడాది పాటు రేషన్ బంద్. పైగా ఏం విన్నాడో, ఎవరి నోట విన్నాడో వరుసగా రాసి సంతకం పెట్టాలి. పనిచేయని చెవికి మాత్రం మినహాయింపు ఉంది.

కుళ్లాయప్ప ఆ చివరి వాక్యం రెండుసార్లు చదివాడు. అతను వేరుశనగ మిల్లులో ముప్పై ఏళ్ళుగా కాయలు ఒలిచే మిషన్ దగ్గర పని చేస్తున్నాడు. అతని భార్య సుంకమ్మ పెళ్ళయిన కొత్తలో రొట్టెలు తట్టుతూ పాడేదట. ఆ సంగతి పక్కింటివాళ్ళు చెబితేనే అతనికి తెలిసింది. ఈ ఏడు ఆమె ఉత్సవానికి పేరిచ్చింది. శనివారం పదకొండున్నరకు జానపద గీతం, ఐదు నిమిషాలు. పేరిచ్చిన రోజు అన్నం పెడుతూ, "ఈ తూరన్నా నా పాట వినయ్యా" అంది. ఆ ఒక్క మాట ఎందుకో అతనికి గుచ్చుకుంది. వినాలి, ఏమైనా సరే విని తీరాలి అనుకున్నాడు. ముప్పై ఏళ్ళలో ఆమె కోసం అతను తలపెట్టిన సాహసం ఇదొక్కటే.

కాబట్టి కౌంటర్ దగ్గర ఎడమ చెవి ఒక్కటే ఇస్తానని, కుడిచెవి మిల్లు మోతకు ఎప్పుడో పోయిందని చెప్పాడు. తిప్పేస్వామి అందరినీ అనుమానంగానే చూస్తాడు, జీతం దానికే కదా. కుర్చీలోంచి లేచి వచ్చి, ఎడమ చెవిని అరచేత్తో మూసి, ఆ కుడిచెవిలో, "కుళ్లాయప్పా, మీ ఇల్లు కాలిపోతాందంటప్పా" అన్నాడు. కుళ్లాయప్ప గోడమీద క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాడు. "మీ పెండ్లాం పిలుస్తాంది సూడు" అన్నాడు తిప్పేస్వామి. దానికీ అతను కదల్లేదు. ఆ రెండో దాంట్లో అతనికి బాగా అనుభవం ఉంది. తిప్పేస్వామి రిజిస్టర్లో 'కుడి: పనిచేయదు' అని రాసి, చెవికి ఒక తెల్ల చీటీ కట్టాడు.

వెనకే వరుసలో ఉన్న సుంకమ్మకు ఇంకా చెవులు తీయలేదు. ఆమె అంతా విన్నది. ముందుకొచ్చి, అతని మొహానికి ఎదురుగా నిలబడి అడిగింది.

"కుడిచెవి పనిచేయదా నీకి? ఎప్పుట్నించి?"

తిప్పేస్వామి కలం ఎత్తి చూస్తున్నాడు. "మిల్లులో చేరినప్పుట్నించి" అన్నాడు కుళ్లాయప్ప.

తింటున్నా పడుకున్నా సుంకమ్మ చోటు ఎప్పుడూ అతని కుడిపక్కనే. ఆమె కాసేపు ఆలోచించింది. "అయితే నీకి వినపళ్ళేదన్నమాట. నేను, నువ్వు వినలేదనుకుంటి" అంది. ఆమె మొహం తేటపడింది. నర్సమ్మ అతని ఎడమ చెవి తీశాక, నవ్వుతూ పోయి తన చెవులు రెండూ ఇచ్చేసింది. ఆ నవ్వు చూసి కుళ్లాయప్పకు సిగ్గేసింది. శనివారం పాట విన్నాక నిజం చెప్పేద్దాం, సంతోషిస్తుంది అని సర్దుకున్నాడు.

శనివారం పందిరి నిండిపోయింది. మినహాయింపు చీటీలున్న పదకొండు మందినీ మూడో వరుసలో విడిగా కూర్చోబెట్టారు. వాళ్ళకెదురుగా వేదిక మెట్టు మీద తిప్పేస్వామి కూర్చున్నాడు. అతని చెవులు కూడా బీరువాలోనే ఉన్నాయి, అయినా అతనిది చూసే డ్యూటీ. మధ్యమధ్యలో ఒక మనిషి వెనకనుంచి వచ్చి స్టీలు పళ్ళెం జారవిడిచేవాడు. ఉలిక్కిపడ్డవాడి పేరు తిప్పేస్వామి రాసుకునేవాడు. పదిగంటలకల్లా పదకొండు మందిలో ఇద్దరిని పక్కకు తీసుకుపోయారు. మిల్లులో బతికినవాడికి పళ్ళెం ఒక లెక్కా, కుళ్లాయప్ప రెప్ప కూడా ఆర్పలేదు.

అతన్ని ఇబ్బంది పెట్టింది వేరే. వేదిక మీద ఎవరూ పాడటం లేదు. మొదటి భజన బృందం రెండు చరణాలు నిజంగానే పాడింది, కానీ వాళ్ళకూ వినబడదు, ఎదుటివాళ్ళకూ వినబడదు, గొంతు అరగదీసుకోవడం దేనికని ఆపేసి పెదాలు ఆడించింది. తరవాత వచ్చినవాళ్ళంతా అదే పద్ధతి. హార్మోనియం పంతులు తిత్తి మాత్రం ఊపాడు. ఉరుము డోళ్ళు వాయించేవాళ్ళు కర్రను తోలుకు అంగుళం ఎడంగా ఆపి, ఒళ్ళంతా ఊగిపోయారు. జనం తలలూపారు, చప్పట్లు కొట్టారు, ఒకాయన ఆహా అన్నాడు. పందిట్లో వినబడేదల్లా జనరేటరూ, కాకులూ.

మాటలు కూడా వినబడుతున్నాయి. వినేవాడు లేడని తెలిశాక ముళ్ళదిన్నె మనుషులు మనసులో మాటలన్నీ నవ్వు మొహంతో, తీరుబడిగా చెప్పుకుంటున్నారు. పక్క వరుసలో ఉన్న మిల్లు మేస్త్రీ కుళ్లాయప్ప వైపు తిరిగి, చేతులు జోడించి, "మీయమ్మ సచ్చిపోయినబ్బుడు నేను ఏడ్సింది ఉత్తుత్తిదేప్పా" అన్నాడు. కుళ్లాయప్ప కూడా చేతులు జోడించాడు. మరేం చేస్తాడు, ఎదురుగా తిప్పేస్వామి.

పదకొండున్నరకు సుంకమ్మ వేదిక ఎక్కింది. ఉతికిన నీలం చీర, చెవుల చోట నున్నగా రెండు గుంటలు. మైకు పట్టుకుని, ఒక చెయ్యి గాలిలోకి ఎత్తింది. పెదాలు ఆడిస్తుందేమోనని కుళ్లాయప్ప భయపడ్డాడు. ఆమె పెదాలు ఆడించలేదు. మామూలుగా మాట్లాడింది.

"ఏమయ్యా, నిన్నే. నీకి వినపడదని తెలుసు, అందుకే చెప్తాండా. కార్తీకంలో చెప్తి, రొమ్ములో గడ్డ మాదిరి ఏందో చేతికి తగుల్తాందని. ఊ అంటివి. సంక్రాంతికి ముందర చెప్తి, పెద్దదయితాందని. అబ్బుడూ ఊ అంటివి. మొన్న సంగటి పెడ్తా, నొప్పి లేస్తాంది, ఒకతూరి పెద్దాసుపత్రికి పిల్సకపో అంటి. పచ్చిపులుసులో ఉప్పు సాల్లేదంటివి."

చెయ్యి దించి మళ్ళీ ఎత్తింది, చరణం మారినట్టు.

"నీమీద సానా కోపముండె. రాయి మాదిరి మొగోడు దొరికెనే అని ఏడిస్తి. నిన్న తెలిసె, నీకి ఆ చెవే లేదని. కోపమంతా పాయ. ఎడంపక్కకొచ్చి ఇంగోతూరి చెప్దామనుకునేలోగా అదిగూడ ఇచ్చేస్తివి. సోమారం నీ చెవి వస్తానే చెప్తా. తొందరగా తెచ్చుకో. నాకి బయంగా ఉండాదయ్యా." అని ఊపిరి పీల్చుకుని, "అంతే, పాట అయిపాయ" అంది.

ఉప్పు సంగతి కుళ్లాయప్పకు బాగా జ్ఞాపకం ఉంది. ఆమె అన్నది కూడా జ్ఞాపకం ఉంది. అది అప్పుడు వినబడింది, మిల్లు బెల్టు శబ్దం వినబడ్డట్టు. లేవాలనిపించింది. లేస్తే తిప్పేస్వామి రాసుకుంటాడు. ఏం విన్నావు, ఎవరి నోట విన్నావు అంటారు, పాట పేరుతో మాట్లాడిందని ఆమె మీదా రాస్తారు. ఇవన్నీ కారణాలే. వీటన్నిటి కింద ఇంకొకటుంది. లేచి నిలబడితే, ఆ చెవి ముప్పై ఏళ్ళుగా పనిచేస్తోందని సుంకమ్మకు తెలిసిపోతుంది. ఆఫీసు కంటే అతను దానికే ఎక్కువ భయపడ్డాడు. పందిరి గుంజకు కట్టిన తాడు ముడిని చూస్తూ కూర్చుని, అందరితో పాటు చప్పట్లు కొట్టాడు.

మొహంలో భావం చక్కగా పలికించినందుకు ఆమెకు జానపద విభాగంలో మొదటి బహుమతి వచ్చింది. ఆదివారం ఆ షీల్డును ఆమె గూట్లో పెట్టి, దుమ్ము పడకుండా గుడ్డ కప్పింది. కుళ్లాయప్ప రోజంతా ఆమె చుట్టూ తిరిగాడు. ఒకసారి ఆసుపత్రికి పోదామన్నట్టు సంచి అందుకున్నాడు, ఎందుకని ఆమె చేత్తో అడిగితే తన మోకాలు చూపించాడు. ఆమె పాపం కూచోబెట్టి నూనె రాసింది.

సోమవారం కార్యాలయం దగ్గర వరుస పెద్దగా లేదు. సగం మందికి పైగా రాలేదు. రెండు రోజులు ప్రశాంతంగా ఉందని, అవసరమైనప్పుడు తీసుకుంటామని కబురు చేశారు. తన చెవులు తాను ముందే పెట్టుకున్న తిప్పేస్వామికి ఇది నచ్చింది. అడగడానికి వచ్చినవాళ్ళనే అతను అనుమానంగా చూస్తున్నాడు. కొత్త ఫారం కూడా వేయించాడు. అందులో ఏడో గడి: 'ఏమి వినదలచారు? ఎవరి నుండి?'

గుమాస్తా ఆ గడి మీద వేలు పెట్టి చూపిస్తే సుంకమ్మ తడుముకోకుండా చెప్పింది. "మా ఇంటాయన జవాబు." గుమాస్తా అలాగే రాసుకుని, ముద్ర వేసి, కవరు ఇచ్చాడు. ఆమె చెవులు రెండూ బిగించుకుని, తల అటూ ఇటూ ఆడించి చూసుకుని, ఎండ పడకుండా వరండాలో నిలబడింది.

కుళ్లాయప్ప రసీదు తీశాడు. ఎదుటివాడి పనిచేసే చెవి ఇంకా బీరువాలోనే ఉంది కాబట్టి తిప్పేస్వామి ప్రశ్న పలక మీద రాసి చూపించాడు, పెద్ద అక్షరాలతో. ఏమి వినదలచావు?

కుళ్లాయప్ప నోరు తెరిచాడు. భార్య ఏదో చెప్పాలంటాంది సార్ అందామనుకున్నాడు. ఆమె చెప్పాలనుకుంటోందని చెవుల్లేని నీకెట్లా తెలుసు అని ఈ మనిషి తప్పకుండా అడుగుతాడు. అడిగేలాగే చూస్తున్నాడు. కలం మూత కూడా తీశాడు. తెలియకపోతే ఏడో గడి నిండదు, తెలిస్తే చెవి దాచినట్టు. వరండాలోంచి సుంకమ్మ తొంగి చూసింది.

"ఏమీ లేదు సార్. తొందరేం లేదు, ఉండనీండి ఈడనే" అన్నాడు కుళ్లాయప్ప, వరండాలోకి వినబడనంత మెల్లగా.

తిప్పేస్వామి మొహం మొదటిసారి మెత్తబడింది. మంచివాడివప్పా అన్నట్టు తలూపి, ఫారం మడిచి బుట్టలో వేశాడు.

బయటికి రాగానే సుంకమ్మ అతని ఎడమవైపు ఖాళీ చోటును వేలితో చూపించి, ఏదీ అన్నట్టు చెయ్యి తిప్పింది. అతను నోటితో చెప్పలేక రసీదు చూపించి, ఏడు వేళ్ళు ఎత్తాడు. వారమని. కంప్యూటర్ పనిచేయలేదన్నట్టు చేతులు విరిచాడు.

"వారమా" అందామె, తనలో తాను. తరవాత అతని భుజమ్మీద తుండుగుడ్డ సర్ది, "ఇన్నినాళ్ళు ఆగింది, ఇంగొక వారం ఆగదా. ఏమీ కాదులే" అంది.

ఆ మాట అతని కుడిచెవిన స్పష్టంగా పడింది. కుళ్లాయప్ప ముందుకు చూస్తూ, ఏమీ పడనట్టు నడిచాడు. వీధిలో ఆడవాళ్ళ పక్కన నడుస్తున్న మగవాళ్ళు చాలామందే ఉన్నారు, చెవులు తెచ్చుకున్నవాళ్ళూ తెచ్చుకోనివాళ్ళూ. అందరూ అలాగే నడుస్తున్నారు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.