రాణమ్మ రాళ్లు

కొండ్రవరం రాతిమండపం సురక్షితంగా ఉందని సంబంధిత శాఖవారు ఏటా ప్రకటిస్తున్నారు. మండపం మాత్రం ఏటా కాస్త తగ్గుతోంది. ఊరివాళ్లకు చరిత్ర అంటే అపారమైన గౌరవం. దాన్ని ఎండకూ వానకూ వదిలెయ్యలేక తలా ఒక రాయి ఇంటికి తెచ్చుకున్నారు. ఒకరికది గుమ్మం మెట్టయింది, ఇంకొకరికి బట్టలుతికే బండయింది. మిగిలిన నేల మీద మిరపకాయలు ఎండబోసుకున్నారు.

కాపలాదారు జయపాల్ పదకొండేళ్లుగా అందరినీ బతిమాలుతున్నాడు. "పాడుచేసినచో జైలుశిక్ష" అన్న బోర్డు చూపించేవాడు. కొన్నాళ్లకు ఆ బోర్డు ఎవరి కోళ్లగూటికో తలుపైంది.

ఒక మధ్యాహ్నం సిలార్ ట్రాక్టరు తెచ్చి, పడి ఉన్న చెక్కుడు స్తంభాన్ని ఎక్కించాడు. జయపాల్‌కు ఒళ్లు మండింది.

"తీసుకుపోరా సిలార్! అందులో ఉన్న రాణమ్మ కూడా నీ ఇంటికే వచ్చిద్ది. ఆవిడ సంగతి నువ్వే చూసుకో!"

"ఏ రాణమ్మరా?"

"ఒరేయ్, ఆవిడ వింటది. నన్నడగమాక."

సిలార్ నవ్వుకుంటూ బయల్దేరాడు. మలుపు దగ్గర టైరు పేలింది. ఆ టైరు అరిగిపోయి ఏడాదైందని అతనికీ తెలుసు. అయినా సాయంత్రానికి స్తంభం పూలదండతో సహా వెనక్కి వచ్చింది.

ఆ కబురు పాకి, వారం తిరక్కుండా మండపం దగ్గర మెట్లు, బండలు, దూలాలు బారులు తీరాయి. చర్చి పెద్ద ప్రేమ్‌చంద్ గారు దెయ్యాలను నమ్మరు. "నమ్మి కాదు, ముందుజాగ్రత్తకి" అంటూ ఆయన రెండు రాళ్లు పంపించారు. పక్క ఊళ్లవాళ్లూ వెనకబడలేదు. పేర్చి చూస్తే మండపం పూర్తయి, ఇంకో అరమండపానికి సరిపడా మిగిలింది.

పై అధికారి శ్యామ్ సుందర్ గారు స్వయంగా విచ్చేసి సభ పెట్టారు. "చట్టం చెయ్యలేని పని దెయ్యం చేసింది. ఇంత క్రమశిక్షణ గల దెయ్యం మనకు లభించడం మన అదృష్టం!" చప్పట్లు మారుమోగాయి.

జయపాల్‌కు మనసాగలేదు. సభ ముగిశాక అధికారిని పక్కకు పిలిచి చెప్పేశాడు.

"రాణమ్మ లేదండి సార్. కోపంలో నేనే కల్పించానండి."

"పదకొండేళ్లు నిజం చెప్పావు కదా, ఒక్క రాయైనా తిరిగొచ్చిందా?"

"లేదండి."

"మరి నోరు మూసుకో."

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. రాణమ్మ విధుల్లో ఉన్నందున కొండ్రవరానికి కాపలాదారు అనవసరం. జయపాల్ మరొక శిథిల కట్టడానికి వెళ్లి, నెలలోపు అక్కడ తగిన దెయ్యాన్ని ఏర్పాటు చేయవలెను. అది చదివి జయపాల్ ముందు కంగారుపడ్డాడు. తర్వాత, పదకొండేళ్లలో మొదటిసారి, అతనికి ఉద్యోగం మీద ఉత్సాహం కలిగింది.

అతన్ని పంపింది ఏ ఊరికో గోప్యంగా ఉంచారు. మీ ఇంటి మెట్టు మీద ఏనుగులు, లతలు చెక్కి ఉంటే మాత్రం, మీ ఊరేననుకోండి.